కారణం చిక్కని దద్దుర్లు

ఒంటిమీద దద్దుర్లు లేవగానే ఇంట్లో మొదటి ప్రశ్న, ‘నిన్న ఏం తిన్నావ్?’ వంకాయ, గోంగూర, ఎండుచేపలు వరసగా బోనెక్కుతాయి. ఒక పూట వచ్చిపోయే దద్దుర్లైతే ఆ అనుమానానికి అర్థముంది. ఆరు వారాలు దాటినా దాదాపు రోజూ లేస్తుంటే మాత్రం తిండి దోషి కావడం అరుదు. నెలల తరబడి పథ్యం చేసి చిక్కిపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

లేచిన దద్దు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి చూడండి. సాధారణంగా 24 గంటల్లోపే మచ్చయినా మిగల్చకుండా అణిగిపోతుంది. కొత్తది ఇంకోచోట తేలుతుంది. అలాకాక గీత లోపలే మర్నాడూ ఉండి, మంటపెట్టి, కమిలిన మచ్చ వదిలిందంటే రక్తనాళాల వాపేమోనని చర్మం ముక్క తీసి పరీక్షిస్తారు.

ఈ గొడవంతా చర్మంలోని మాస్ట్ కణాలది. వాటి నిండా హిస్టమిన్ ఉంటుంది. అది బయటపడితే సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, దురద పుడుతుంది. మామూలు అలర్జీలో ఆ కణాలను రెచ్చగొట్టేది బయటి పదార్థం. ఇక్కడ చాలామందిలో సొంత ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే ఆ పని చేస్తాయి. అందుకే వేలు పోసి అలర్జీ ప్యానెల్ చేయించినా తేలేది తక్కువ. రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్, కొందరికి థైరాయిడ్ పరీక్ష, మొదట ఇవి సరిపోతాయి.

దురద పుట్టినప్పుడే మాత్ర వేసుకుంటే లాభం సగమే. సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటివి రోజూ పడాలి. హిస్టమిన్‌కు చోటు దొరకకుండా ముందే అడ్డుపడతాయి. లొంగకపోతే డాక్టర్లు మోతాదు నాలుగు రెట్ల దాకా పెంచుతారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ మాత్ర ఇట్టే ఊరటనిస్తుంది, ఆపగానే దద్దుర్లు తిరగబెడతాయి. అలాగే సాగదీస్తే షుగరు, ఎముకల బలహీనత. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ కూడా కొందరికి పడవు.

అప్పటికీ తగ్గకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు చర్మం కింద ఇస్తారు. ఈ జబ్బుకు దాన్ని వాడటానికి 2014లో అమెరికా అనుమతి వచ్చింది. ధర భారమే. సైక్లోస్పోరిన్ చవక, కానీ బీపీ, కిడ్నీలు చూసుకుంటూ వాడాలి.

చాలామందికి కొన్నేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. పెదవి, కనురెప్ప ఉబ్బడం ఈ జబ్బులో మామూలే. నాలుక వాచి ఊపిరాడకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.