బిళ్ళ చెప్పింది సరే... వెళ్ళి తెచ్చేదెవరు?

రోము నగరంలో ఒక గోడ. నిచ్చెన మీద నిలబడి రీటా హేవర్త్ పోస్టరు అంటిస్తున్నాడు ఆంటోనియో. కింద గోడకు ఆనించిన సైకిలు. అది ఉంటేనే ఆ ఉద్యోగం! ఇంట్లో దుప్పట్లు తాకట్టు పెట్టి మరీ, అప్పటికే తాకట్టులో ఉన్న సైకిలును విడిపించుకున్నాడు. పనిలో చేరిన మొదటి రోజది. చటుక్కున ఒక కుర్రాడు ఆ సైకిలెక్కి ఉడాయించాడు... ఇక సినిమా అంతా ఆ తండ్రీ, చిన్న కొడుకు బ్రూనో కలిసి వీధి వీధీ గాలించడమే.

విట్టోరియో డిసికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ను మన పాఠకులకు వేరే పరిచయం చెయ్యక్కర్లేదు. 1950లో లండన్‌లో ఈ సినిమా చూశాకనే కదా సత్యజిత్ రే, పేరున్న తారలు లేకుండా ‘పథేర్ పాంచాలి’ తీసి తీరాలని నిశ్చయించుకున్నది! అదంతా చరిత్ర. ఈ మధ్య మళ్ళీ చూస్తుంటే నాకు తట్టిన ప్రశ్న చాలా చిన్నది. ఇప్పుడు దొరుకుతున్న ట్రాకింగ్ ట్యాగు ఒకటి ఆంటోనియో సైకిలు సీటు కింద ఉండి ఉంటే? రెండో రీలుకే ‘శుభం’ కార్డు పడేదా?

పడేది కాదనే నా అభిప్రాయం. ఎందుకో మనవి చేస్తాను.

ట్యాగంటే పెద్ద సరంజామా ఏమీ కాదు. పాత రూపాయి బిళ్ళకు అన్నయ్యలా ఉంటుంది. ఆపిల్ వారి ‘ఎయిర్‌ట్యాగ్’ 2021 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పట్లో మన దేశంలో ఒక్కోటి 3,190 రూపాయలు. అందులో సిమ్ము లేదు, జిపిఎస్ లేదు. మరి ఎక్కడుందో ఎలా చెబుతుందంటారా? అది చెప్పదు. దారిన పోయేవాళ్ళ ఫోన్లు చెబుతాయి! బిళ్ళ బ్లూటూత్‌లో తనలో తాను గొణుక్కుంటూ ఉంటుంది. పక్కనుంచి వెళ్ళే ఐఫోను ఏదైనా ఆ గొణుగుడు విని, తానున్న చోటు గుట్టుగా చేరవేస్తుంది. ఆ ఫోను మోసే పెద్దమనిషికి ఈ సంగతే తెలియదు.

అయితే మన దగ్గర ఐఫోన్ల కంటే ఆండ్రాయిడ్ ఫోన్లే చాలా ఎక్కువ కదా? గూగుల్ వారు కూడా 2024 ఏప్రిల్‌లో, మొదట అమెరికా, కెనడాలలో, ఆండ్రాయిడ్ ఫోన్లతో ఇటువంటి ఏర్పాటే మొదలుపెట్టారు. అందులో ఒక మెలిక ఉంది. సెట్టింగు మార్చకపోతే, జనం మసిలే చోట్లలో, అనేక ఫోన్లు విన్నాకనే కబురందుతుంది. కాబట్టి బస్టాండులో చక్కగా పలికే బిళ్ళ, ఊరవతల మామిడితోటలో మౌనవ్రతం పట్టవచ్చు. ‘అన్ని చోట్లా’ అని మార్చుకునే వీలుంది. కానీ మీరొక్కరు మార్చుకుంటే లాభం లేదు, ఆ తోట పక్కనుంచి వెళ్ళేవాళ్ళు మార్చుకోవాలి!

ఇక కెమేరా సంగతి. కృష్ణానగర్ చుట్టుపక్కల షార్టు ఫిల్ములు తీసే కుర్రాళ్ళకు సొంత కెమేరాలు తక్కువ. అద్దెకు తెస్తారు. లెన్సులతో కలిపి రెండు మూడు లక్షల సరుకు. సంతకం పెట్టినవాడి జేబులో అయిదు వందలుంటే గొప్ప! నాకు తెలిసిన అసిస్టెంటు కెమేరామన్ ఒకడు ఇలాగే తెచ్చిన బ్యాగు, ఓ టీకొట్టు ముందు ఆపిన కారులోంచి మాయమైంది. అదృష్టం కొద్దీ బ్యాగు అస్తరులో ట్యాగు కుట్టి ఉంది. ఇరవై నిమిషాల్లో ఫోను మీద చుక్క పడింది. నాలుగు సందుల అవతల, అయిదంతస్తుల మేడ. నలుగురూ పరుగెత్తారు.

మేడ ముందు నిలబడ్డాక తెలిసింది అసలు కష్టం. మేడలో ఇరవై వాటాలు! ఏ తలుపు కొట్టాలి? “అన్నీ కొట్టేద్దాం” అన్నాడట ఒకడు. “వద్దురా, లోపల ఎంతమంది ఉన్నారో, చేతుల్లో ఏముందో” అని మనవాడు ఆపాడు. ఆ ఒక్క మాటకు నేను వాణ్ణి మెచ్చుకుంటాను. సినిమా హీరో అయితే తలుపు తన్నేవాడు, కానీ ఆ తలుపు అట్టతో చేసింది కదా!

ఫిర్యాదు ఇచ్చారు. పోలీసులతో కలిసి మేడ ఎక్కేసరికి మర్నాడు మధ్యాహ్నమయింది. డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక ఖాళీ బ్యాగు... అందులో ట్యాగు బుద్ధిగా కీచుమంటూనే ఉంది. మూడు వారాల తర్వాత కెమేరా ఓ సెకండ్‌హ్యాండ్ షాపులో దొరికింది. పట్టించింది ట్యాగు కాదు, కెమేరా అడుగున ఉన్న సీరియల్ నంబరు. లెన్సు జాడ లేదు. దాని తాలూకు వాయిదాలు వాడు ఇంకా కడుతూనే ఉన్నాడు.

దొంగకూ కబురే!

ఆ కీచుమనడం ఏమిటంటారా? ఎయిర్‌ట్యాగు యజమానికి దూరమై 8 నుంచి 24 గంటలు గడిస్తే, కదిలించినప్పుడు దానంతటదే కూత పెడుతుంది. అంతకుముందే, “మీ వెంట ఎవరిదో ట్యాగు వస్తోంది” అని దొంగగారి ఫోనుకు హెచ్చరిక కూడా రావచ్చు. 2024 మే నుంచి ఆపిల్, గూగుల్ కలిసి రెండు రకాల ఫోన్లకూ ఈ ఏర్పాటు చేశాయి. ‘ఇదేం న్యాయం?’ అని మావాడు మండిపడ్డాడు. నేను మాత్రం ఆ కంపెనీల పక్షమే. ఆడపిల్ల హ్యాండుబ్యాగులో ఎవడో ఒక బిళ్ళ పడేసి, ఆమె ఇల్లూ హాస్టలూ కనిపెట్టాలని చూస్తే? కెమేరాకు ఖరీదు కట్టవచ్చు. దానికి ఏం కడతాం? ‘టైల్’ అనే మరో కంపెనీ 2023లో దొంగలకు కనబడని పద్ధతి ఒకటి పెట్టి, గుర్తింపు కార్డు చూపించాలనీ, మనుషుల వెంట పడినట్టు కోర్టులో రుజువైతే పది లక్షల డాలర్లు జరిమానా కట్టాలనీ షరతు రాసుకుంది. ప్రమాదం ఎంతటిదో దాన్నిబట్టే ఊహించుకోండి.

కాబట్టి బిళ్ళకున్న బలమంతా మొదటి కొద్ది గంటలు. ఆ తర్వాత కావలసింది కాగితం.

అయిదు వేల గీత

‘బైసికిల్ థీవ్స్’లో పోలీసాయన ఫిర్యాదు రాసుకుని, సైకిలును నువ్వే వెతుక్కోమంటాడు ఆంటోనియోతో. ఇప్పుడు మన దగ్గర? 2024 జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఏ స్టేషనులోనైనా ‘జీరో ఎఫ్‌ఐఆర్’ ఇవ్వవచ్చు. మంచిదే. కానీ పోయిన వస్తువు విలువ అయిదు వేలకు తక్కువైతే, అది మెజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చెయ్యలేని నేరాల జాబితాలో చేరుతుంది. పాలబ్బాయి పాత సైకిలు ఎంత చేస్తుంది? అది పోతే వాడి పొద్దుటి సంపాదన మొత్తం పోయినట్టే. ఆ లెక్క చట్టంలో ఎక్కడా లేదు! అందుకే కొన్న రసీదు దాచుకోమంటున్నాను. విలువకు అదే సాక్ష్యం.

సైకిలును తిరగేసి, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం కింద చూడండి. మట్టి గీకితే సాధారణంగా నంబరు కనిపిస్తుంది. ఫొటో తీసి పెట్టుకోండి. కెమేరాలకైతే ఇంకో సదుపాయం. చాలా కెమేరాలు తీసే ప్రతి ఫొటోలోనూ తమ నంబరును కంటికి కనబడకుండా రాసేస్తాయి. రసీదు పోయినా పాత ఫొటో పలుకుతుంది.

కొనేవాళ్ళకూ ఓ మాట. వాంగ్ షియావోషువాయ్ తీసిన ‘బీజింగ్ బైసికిల్’ (2001) చూశారా? పల్లెటూరి కుర్రాడి సైకిలు పోతుంది. తాను పెట్టుకున్న గుర్తును బట్టి దాన్ని కనిపెడతాడు. తీరా చూస్తే అది ఒక స్కూలు కుర్రాడి దగ్గర! వాడు దొంగ కాదు, సంతలో డబ్బిచ్చి కొన్నాడు. చివరికి రోజు విడిచి రోజు వంతులేసుకుని తొక్కుతారు. బెర్లిన్‌లో బహుమతి కొట్టిన సినిమా అది. సగం ధరకు కెమేరా వస్తోందంటే, రసీదు అడగకుండా చెయ్యి చాపకండి. వంతుల వారీగా షూటింగు జరగదు!

ఇక ట్యాగు ఎక్కడ దాచాలంటే, అందరికీ కనబడేలా తాళంచెవికి వేలాడదీసినట్టు మాత్రం వద్దు. ఇనుప గొట్టంలో పెడితే సిగ్నలు చస్తుంది. సీటు కిందా, వెనక రిఫ్లెక్టరు చాటునా పెట్టండి. కెమేరాకైతే బ్యాగులో ఒకటి, ట్రైపాడు ప్లేటు అడుగున మరొకటి. ఎందుకంటే దొంగ మొదట పారేసేది బ్యాగునే. అన్నట్టు, ఎయిర్‌ట్యాగు బ్యాటరీ సుమారు ఒక ఏడాదే వస్తుంది. మీ అభిమాన హీరో పుట్టినరోజున మార్చేట్టు పెట్టుకుంటే మరిచిపోరు!