బాలబాలికలలో థైరాయిడ్ కంతులు

హొసకోటె ప్రాంతమున తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఎచ్చటనైనను పిల్లల మెడపై గడ్డ కనబడినచో పసరు పూసి ఊరకుండువారు కొందరు. రాచపుండని బెదరిపోవువారు మరికొందరు. ఆడపిల్ల యైనచో పెండ్లి మాట తలచి దాచువారు ఇంకొందరు. ఈ మూడు మార్గములును మంచివి కావు.

థైరాయిడ్ గ్రంథి శ్వాసనాళమునకు ముందు సీతాకోకచిలుక ఆకృతిలో నుండును. ఆహారములోని అయోడినును గ్రహించి, దేహపు ఎదుగుదలకు వలయు హార్మోనులను తయారుచేయును. అయోడిను చాలకున్నచో గ్రంథి ఉబ్బును, అదియే గళగండము. అయోడిను చేర్చిన ఉప్పుతో ఇది తగ్గునని 1956లో కాంగ్డా లోయయందు ఆరంభమైన పరిశోధన నిరూపించినది. అందు ప్రముఖుడు శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి.

గ్రంథిలో ఒకచోట ఏర్పడు కంతి వేరు. ఇది పెద్దలలో సామాన్యము, పిల్లలలో అరుదు. కాని పిల్లలలో కనబడినప్పుడు క్యాన్సరగు అవకాశము హెచ్చు. అమెరికా థైరాయిడ్ సంఘము 2015లో ప్రకటించిన సూత్రముల ప్రకారము పెద్దలలో నూటికి 5 మొదలు 10 కంతులును, పిల్లలలో 22 మొదలు 26 కంతులును అట్టివి. అనగా పిల్లలలో సైతము నాలుగింట మూడు వంతులు నిరపాయకరములే.

బాల్యమున ఈ గ్రంథి వికిరణమునకు సులభముగా లోనగును. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ ప్రమాదము జరిగిన పిమ్మట, రేడియోధార్మిక అయోడిను కలిసిన పాలు త్రాగిన పిల్లలలో ఈ క్యాన్సరు విశేషముగా ప్రబలినది. మెడకు కిరణచికిత్స పొందినవారును, కుటుంబమున ఈ వ్యాధి గలవారును జాగరూకులై యుండవలెను.

గట్టి గడ్డ, మెడ ప్రక్కల తగ్గని బిళ్ళలు, గొంతు బొంగురుపోవుట, మ్రింగుటకు కష్టము — ఇవి హెచ్చరికలు. నొప్పి లేదని ఉపేక్షింపరాదు. ఈ కంతి సాధారణముగా నొప్పి పెట్టదు. రక్తపరీక్ష సరిగా నున్నంత మాత్రమున నిశ్చింత తగదు. అల్ట్రాసౌండ్ పరీక్షయు, అవసరమైనచో సన్నని సూదితో కణములను తీసి సూక్ష్మదర్శినిలో చూచుటయు నిజమును తేల్చును. బెంగుళూరులో 1973లో స్థాపితమైన కిద్వాయి స్మారక సంస్థ క్యాన్సరు చికిత్సకు ప్రసిద్ధము.

పిల్లలలో ఈ వ్యాధి మెడ బిళ్ళలకును ఊపిరితిత్తులకును ప్రాకుట పెద్దలకంటె హెచ్చు. ఐనను శస్త్రచికిత్సకును, రేడియో అయోడినుకును చక్కగా లొంగును. గ్రంథిని పూర్తిగా తీసివేసినవారు జీవితాంతము దినమున కొక థైరాక్సిన్ మాత్ర వేసికొనవలెను. అట్టివారిలో అత్యధికులు చదువుకొని, పెండ్లాడి, బిడ్డలను గని దీర్ఘకాలము జీవింతురు. కావున దాచిన గడ్డయే అపాయకరము. చూపించిన గడ్డకు ఉపాయము కలదు.