నడుము నొప్పి, మెడ నొప్పి: ఉపేక్షింపరాని గుర్తులు

నాట్ల దినములలో గుండుగొలను చుట్టుపట్ల నడుము నొప్పి లేని యిల్లు అరుదు. పగలెల్ల వంగి ఊడ్చినవారికిని, ధాన్యపు బస్తాలు, చేపల చెరువులకు మేత బస్తాలు మోసినవారికిని నడుము పట్టుట వింత కాదు. ఇట్టి నొప్పులలో పెక్కులు కొలది వారములలో తమంతట తామే తగ్గును. మంచము పట్టి యుండుటకంటె మెల్లగా తిరుగాడుటయే మేలు. వరి యాకు పండుబారినంతనే మందు చల్లక, దుబ్బు పెరికి వేరు చూడుడని మేము పొలములలో చెప్పుచుందుము. నడుము విషయమునను అట్లే చూడవలయును.

అన్నింటికంటె త్వరపడవలసిన గుర్తు సిగ్గుచేత దాచబడుచున్నది. నొప్పితోపాటు మూత్రము బిగిసినను, తెలియకయే పోవుచున్నను, మలము పట్టు తప్పినను, సైకిలు సీటు తగులు చోటెల్ల మొద్దుబారినను, రెండు కాళ్ళును బలము తప్పినను, వెన్ను దిగువనున్న నరముల కట్ట నలుగుచున్నదేమోయని అనుమానింపవలయును. ఇది రేపటికి ఆపదగినది కాదు. ఆ దినముననే ఏలూరునందలి పెద్ద ఆసుపత్రికి చేర్పవలయును. ఆలస్యమైనచో శస్త్రచికిత్స చేసినను మూత్రముపై అదుపు మరల రాకపోవచ్చును. స్త్రీలు ఈ సంగతి మగవారితో చెప్పరు. ఇంటిలోని పెద్ద ఆడువారే అడిగి తెలిసికొనవలెను.

సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, పండుకొన్నను విడువని నొప్పి కలిసి వచ్చినచో వెన్నెముక క్షయ కావచ్చును. దగ్గు లేకున్నను ఇది రాగలదు. 1779లో లండను శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ గూనితో కాళ్ళు పడిపోవు ఈ జబ్బును వర్ణించెను. నాడు మందు లేదు. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభించుచున్నది, కాని నెలల తరబడి మానక మ్రింగవలయును. పూర్వము పుట్టకురుపు వచ్చినవారును, స్టెరాయిడు మాత్రలు చిరకాలము వాడినవారును క్రొత్త నొప్పిని తేలికగా తీసికొనరాదు. పాడి గలవారికి మరియొక మాట: ఈచుకుపోయిన పశువు మాయను ఉత్తచేతులతో తీసినవారికిని, పచ్చిపాలు త్రాగువారికిని బ్రూసెల్లా జ్వరము సోకి నడుము నొప్పి రావచ్చును. వైద్యునితో పశువుల సంగతియు చెప్పవలెను. ఒక్క గుర్తు కనబడినంతనే గొప్ప జబ్బని బెదరనక్కరలేదు. రెండు మూడు కూడినప్పుడే అనుమానము బలపడును.

మెడ నొప్పిగలవాడు చొక్కా గుండీ పెట్టుకొనలేక, నారు పరక పట్టలేక తడబడినను, కాళ్ళు బిగిసి తూలినను వెన్నుపాము నలుగుచున్నదని యెంచవలెను. అట్టివాడు క్షౌరశాలలో మెడ విరిపించుకొనుట మిక్కిలి అపాయము.

తాటిచెట్టుపైనుండియో గడ్డి బండిపైనుండియో పడినవానిని లేపి కూర్చుండబెట్టరాదు. తల కదలకుండ పట్టుకొని, 108 బండి వచ్చువరకు అచ్చటనే యుంచవలెను. మోటారు సైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తెచ్చుట మేము పలుమార్లు చూచితిమి.