మొద్దు అన్నారు, జగద్గురువు అన్నారు

"మనకు లెక్కలు యాడొస్తాయి?" అంగళ్లు, మదనపల్లె వైపు ఇళ్లలో ఈ మాట వింటూనే ఉంటాం. పదో తరగతి తర్వాత పిల్లలు ఏం చదవాలో చాలాసార్లు ఈ మాటే తేలుస్తుంది. అనుభవంతో అన్నట్టే ఉంటుంది కానీ, అది ఒక నమ్మకం.

1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి బడిలో మొద్దు అనిపించుకున్నాడు. దెబ్బలూ తిన్నాడు. మలేరియాతో చాలాకాలం బడికే పోలేదు. ఆ పిల్లవాడే ఒకరోజు తండ్రి గడియారాన్ని విప్పేసి, మళ్లీ బిగించేదాకా అన్నం ముట్టలేదట. బడి లెక్కలో ఆ పట్టుదలకు మార్కుల్లేవు.

ఇలాంటి నమ్మకాన్ని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో వివరించాడు. దాన్ని స్వయంసాధక జోస్యం (నమ్మినందువల్లే నిజమయ్యే మాట) అనవచ్చు. మొద్దు అనుకున్న పిల్లవాణ్ని పంతులు ప్రశ్న అడగడు. అడగనిదాన్ని వాడు ప్రయత్నించడు. మార్కులు తగ్గుతాయి. ఆ మార్కులే మొదటి మాటకు సాక్ష్యమవుతాయి.

పొగడ్త కూడా ఇలాగే కట్టేస్తుంది. 1909లో కృష్ణమూర్తి కుటుంబం మద్రాసు అడయారుకు చేరింది. అక్కడి దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెద్దలు ఆ పిల్లవాడిలో రాబోయే జగద్గురువును చూశారు. 1911లో అతన్ని అధిపతిగా పెట్టి ఒక సంఘమే స్థాపించారు. చదువు, బట్టలు, ప్రయాణాలు అన్నీ వాళ్లే నిర్ణయించారు. జబ్బుపడిన తమ్ముడు నిత్యానంద బతుకుతాడని ఆ పెద్దలు చెప్పిన మాటను అతను నమ్మాడు. 1925లో తమ్ముడు చనిపోయాడు. ఆ దుఃఖమే నమ్మకాన్ని కదిలించిందని నాకనిపిస్తుంది. అయినా బయటపడటానికి ఇంకా నాలుగేళ్లు పట్టింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, సమాజం అధ్యక్షురాలు అనీబిసెంటు, సుమారు 3,000 మంది సభ్యులు వింటుండగా, ఆ సంఘాన్ని అతనే రద్దు చేశాడు.

అన్ని అడ్డంకులూ నమ్మకాలు కావు. ఫీజు కట్టలేకపోవడం, బోరులో నీళ్లు లేకపోవడం నిజమైన ఇబ్బందులు. వాటిని మనసు మార్చుకుని దాటమనడం అన్యాయం. అందుకే రెంటినీ విడదీయాలి.

లెక్కలు రావనుకునే అమ్మాయి చేతికి ఆరో తరగతి పుస్తకం ఇచ్చి చూడండి. కూడికలు, గుణకారాలు చేసేస్తుంది. భిన్నాల దగ్గర ఆగవచ్చు. అప్పుడు "లెక్కలు రావు" అన్న తీర్పు "భిన్నాలు సరిగా నేర్చుకోలేదు" అన్న చిన్న సంగతిగా మారుతుంది. ఆ పాఠం చెప్పిన రోజుల్లో ఏమైంది? జ్వరం వచ్చిందా, సారు లేడా, ఇంట్లోవాళ్లతో టమాటా కోతకు పోయిందా?