మూస్ నోటికి అందే అడవి

స్వీడన్ భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు అడవే. అందులో అధికభాగం కలప కోసం పెంచి, నరికి, మళ్లీ నాటే అడవి. నరికిన చోట కొత్తగా లేచే స్కాట్స్ పైన్ మొక్కలకు ప్రధాన బెడద మూస్. జింకల జాతులన్నిటిలోకీ పెద్దదైన ఈ జంతువులో ఎదిగిన మగది 500 కిలోల దాకా తూగుతుంది. ఇది గడ్డి కంటే చిగుళ్లు, రెమ్మలు, బెరడు తిని బతుకుతుంది. వేసవిలో దానికి ఆకులకు కొదువ ఉండదు గాని, నేలను మంచు కప్పి బర్చ్ వంటి చెట్లు ఆకులు రాల్చిన చలికాలంలో, పచ్చగా మిగిలే పైన్ రెమ్మలే దానికి దిక్కవుతాయి.

మొక్క నడినెత్తిన నిటారుగా ఎదిగే తలచిగురును మూస్ కొరికేస్తే, దాని స్థానం కోసం పక్క కొమ్మలు పోటీపడి పైకి లేవడంతో కాండం వంకర తిరుగుతుంది, లేదా రెండుగా చీలుతుంది. చెట్టు చాలాసార్లు బతుకుతుంది గాని, కోత మిల్లుకు పనికిరాక కాగితపు గుజ్జుకు పోతుంది. తలచిగురు అందకపోతే కాండాన్నే వంచి విరిచేయడమూ ఉంది. మొక్క సుమారు 4 మీటర్లు దాటేదాకా ఈ ప్రమాదం తప్పదు.

మూస్‌ల సంఖ్య ఎక్కువైతే నష్టం ఎక్కువన్నది నిజమే. వేటతో ఆ సంఖ్యను తగ్గించవచ్చు: 1982లో స్వీడన్ వేటగాళ్లు రికార్డు స్థాయిలో లక్షా 70 వేలకు పైగా మూస్‌లను వేటాడారు. అయితే లెక్కించవలసింది మూస్‌లను మాత్రమే కాదు, ఒక్కో మూస్‌కు దొరికే మేతను కూడా; ఆ మేత ఎంత మిగలాలన్నది అడవి యజమాని చేతిలోని రంపం తేలుస్తుంది. పంటచేలో రైతు ఒత్తు మొక్కలను తీసినట్లే, లేత అడవిలోనూ అదనపు చెట్లను కోసి పలుచన చేస్తారు. మొక్కలు మూస్ నోటికి అందే ఎత్తులో ఉండగానే ఈ పని ముగిస్తే, మేత తగ్గిపోయి, కొరుకుడంతా మిగిలిన కొద్ది పైన్‌ల మీదే పడుతుంది. అందుకే మొదట ఒత్తుగా నాటడం లేదా విత్తడం, పలుచన చేసే పనిని కొంత వాయిదా వేయడం, తీసేసే చెట్లను మొదలంటా కోయకుండా సుమారు మీటరు ఎత్తులో కోసి మళ్లీ చిగుర్చనివ్వడం వంటి పద్ధతులు వచ్చాయి. మూస్‌కు అమిత ఇష్టమైన రోవన్, ఆస్పెన్ చెట్లను ఉంచడమూ వీటిలో ఒకటి. బర్చ్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: అది పైన్‌ను మించి ఎదిగిన చోట పైన్‌కు నష్టం పెరిగినట్లు ఫిన్లాండ్ పరిశీలనల్లో కనిపించింది కనుక, పైన్‌ను కమ్మేసే బర్చ్‌లను కోసి పొట్టివాటిని ఉంచడం మేలు. పెద్ద చెట్లను చలికాలంలో నరికి, వాటి పైకొమ్మలను అక్కడే వదిలితే మూస్‌కు అదనపు మేత దొరుకుతుంది.

మూస్ అంతగా ముట్టని స్ప్రూస్ అనే చెట్టును నాటి ఈ బెడదనంతా తప్పించుకోవాలని చాలామంది యజమానులు చూశారు. కానీ పైన్‌కు తగిన పొడినేలల్లో స్ప్రూస్‌ను నాటడం తెలివైన పని కాదని 2018 నాటి కరవు తేల్చింది. ఆ ఎండకు నీరసించిన స్ప్రూస్ అడవులను బెరడు తొలిచే పురుగు తర్వాతి ఏళ్లలో పెద్ద ఎత్తున చంపేసింది.