దర్శనమును పరీక్షించుట: క్రాకోవ్ దివ్య కారుణ్య క్షేత్రము

పోలండ్‌లోని క్రాకోవ్ నగర శివారున వాగెవ్నికి అనుచోట కాథలిక్కుల దివ్య కారుణ్య పుణ్యక్షేత్రమున్నది. దీనికి మూలము ఫౌస్తీనా కొవాల్‌స్కా (1905–1938) అను మఠకన్య భక్తి. ఒకరు చూచితిననిన దర్శనమును సంఘము ఎట్లు పరీక్షించవలెననునదే మేమిచ్చట పరిశీలించు ప్రశ్న.

ఫౌస్తీనా పేద రైతు కుటుంబములో పుట్టెను. మూడేండ్లయినను నిండుగా బడికి పోలేదు. 1925లో మఠములో చేరి వంటపని, తోటపని, ద్వారము కాయు పని చేసెను. 1931 ఫిబ్రవరి 22న ప్లోత్స్క్ మఠములో క్రీస్తు తనకు కనబడి, ఆ రూపమును చిత్రింపజేయుమనెనని ఆమె దినచర్యలో వ్రాసికొనెను. 1934లో విల్నియస్‌లో ఒక చిత్రకారుడు దానిని చిత్రించెను. హృదయమునుండి వెలువడు రెండు కిరణములు, ఎరుపు, తెలుపు, రక్తమును నీటిని సూచించును. ఆమె 33వ యేట క్రాకోవ్‌లో మరణించెను.

ఈ భక్తి త్వరగా వ్యాపించినను, 1959లో రోము అధికారులు ఆమె సూచించిన రూపములో దాని ప్రచారమును నిషేధించిరి. 1965లో క్రాకోవ్ అగ్రపీఠాధిపతి కరోల్ వోయ్‌తీవా కాలములో ఆమె జీవితముపైనను రచనలపైనను విచారణ ఆరంభమాయెను. 1959లో తెలియని మూలపత్రములు పరిశీలింపబడిన పిమ్మట 1978లో నిషేధము తొలగెను. అదే సంవత్సరము వోయ్‌తీవా రెండవ జాన్ పాల్ పోపు ఆయెను. ఆయనే 2000 ఏప్రిల్ 30న ఆమెను పునీతురాలిగా ప్రకటించి, 2002 ఆగస్టు 17న అచ్చటి నూతన బసిలికాను ప్రతిష్ఠించెను.

ప్రొటెస్టెంటులమైన మేము పునీతుల మధ్యవర్తిత్వమును, చిత్రారాధనను అంగీకరింపము. అయినను రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, వ్యక్తిగత దర్శనములు క్రీస్తునందలి ప్రత్యక్షతకు ఏమియు చేర్చజాలవని కాథలిక్కు సంఘమే బోధించుచున్నది. రెండవది, ఫౌస్తీనా దినచర్య ప్రకారము కరుణను వేడుకొనువాడు పొరుగువానియెడల క్రియచేత, మాటచేత, ప్రార్థనచేత కరుణ చూపవలెను. మత్తయి 25వ అధ్యాయపు తీర్పు దృశ్యము కోరునదియు ఇదియే గదా!

మన సంఘములలోను దర్శనము చూచితిమని చెప్పువారు కలరు. కొందరిని ఆ దినమే వేదికయెక్కించుచున్నాము. కొందరిని వినకయే అపహసించి పంపుచున్నాము. రెండును తప్పే. అన్నిటిని పరీక్షించి మేలైనదానిని పట్టుకొనుమనిన పౌలు ఉపదేశమునకు (1 థెస్స. 5:21) ఓర్పు కావలెను. దర్శనము చూచినవారివలన ఆకలిగొన్నవానికి అన్నము దొరకినదా అని కూడ కాపరి అడిగి తెలిసికొనవలెను.