కాలు కింద పెట్టకుండా కిలోమీటర్లు!

లాంగ్‌బోర్డ్ అనగానే మనకి గుర్తొచ్చే సీన్ ఒకటే. ఒక కాలు బోర్డు మీద, ఇంకో కాలితో నేలని తన్నుతూ సర్రున దూసుకెళ్లడం. ఇంకో రకం కూడా ఉంది. అందులో రెండు కాళ్లూ బోర్డు మీదే ఉంటాయి. నేలని తన్నేది లేదు, మోటారు లేదు. భుజాలు, నడుము అటూ ఇటూ తిప్పుతూ, పాములా మెలికలు తిరుగుతూ వెళ్లిపోతుంటారు. దీన్ని పంపింగ్ అంటారు. అలా కిలోమీటర్ల కొద్దీ వెళ్తే లాంగ్ డిస్టెన్స్ పంపింగ్, షార్ట్‌గా ఎల్‌డిపి.

ఇదేదో పిల్లల ఆట అనుకోకండి. అమెరికాలో మయామీ దగ్గర హోమ్‌స్టెడ్ అనే కార్ రేసుల ట్రాక్ మీద ‘అల్ట్రాస్కేట్’ పేరుతో 24 గంటల ఈవెంట్లు జరిగాయి. కాలితో తన్నడం, పంపింగ్ రెండూ కలిపి 24 గంటల్లో 500 కిలోమీటర్లు దాటినవాళ్లున్నారు. అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, మళ్లీ చౌటుప్పల్ దాకా తిరిగొచ్చినంత దూరం!

సరే, మనకి అంత అక్కర్లేదు. రోజూ ఓ ఐదు కిలోమీటర్లు చాలు. పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలో కూర్చుని కోడ్ రాసే మాలాంటి వాళ్లకి నడుము, తొడలు, పొట్ట కండరాలు అన్నీ ఒకేసారి పనిచేసే ఎక్సర్‌సైజ్ ఇది. పైగా బోర్ కొట్టదు. చిక్కల్లా ఒక్కటే: మొదటి బోర్డు ఏది కొనాలి?

600 డాలర్ల కార్ట్

నేనుండేది సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో. ఇక్కడ సమామిష్ నది ఒడ్డున మేరీమూర్ పార్క్ నుంచి బోథెల్ దాకా దాదాపు 16 కిలోమీటర్ల తారు బాట ఉంది. కార్లు రావు, ఎత్తుపల్లాలు పెద్దగా ఉండవు. పంపింగ్‌కి ఇంతకంటే మంచి చోటు దొరకదు. బోథెల్‌లో మాస్టర్స్ చేస్తున్న గుంటూరు కుర్రాడొకడు నన్ను ఆ బాట మీద చూసి పట్టుకున్నాడు. వాడికి కారు లేదు. ఇల్లు ఆ బాటకి దగ్గరే. బోర్డు మీద కాలేజీకి వెళ్లొచ్చని ప్లాన్.

“అన్నా, ఇది చూడు. ఆర్డర్ కొట్టేయమంటావా?” అని ఫోన్ చూపించాడు. కార్ట్‌లో 600 డాలర్ల పైన ఉంది. రేసులు చేసేవాళ్లు వాడే డెక్, ప్రత్యేకంగా తయారు చేసే ట్రక్కులు, పెద్ద పెద్ద చక్రాలు.

“ఎప్పుడైనా పంప్ చేశావా తమ్ముడూ?”

“లేదన్నా. వీడియోలు చూశా.”

ఎడ్యుకేషన్ లోన్ మీద చదువుకునే పిల్లాడు. ఆ డబ్బు వాడికి రెండు నెలల సరుకులు. అది పెట్టాక బోర్డు కదలకపోతే? పంపింగ్ మొదలుపెట్టిన చాలామంది వదిలేసేది ఇక్కడే. బోర్డు ఖరీదైనదే, కానీ వాళ్ల బరువుకీ, స్కిల్‌కీ, రోడ్డుకీ సెట్ కాదు. నెల తిరిగేసరికి మంచం కిందకి చేరుతుంది. అందుకే వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా. పంపింగ్ చేయించేది బోర్డు రేటు కాదు. ముందు ట్రక్‌కీ వెనక ట్రక్‌కీ మధ్య ఉండే తేడా. ఆ తేడా సరిగ్గా కుదిరితే పాత డెక్ కూడా పరిగెడుతుంది.

అసలు ఎలా కదులుతుంది?

ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. ఎవరూ తోయకపోయినా సరైన టైమ్‌లో మోకాళ్లు వంచి, లేచి, మన బరువుని అటూ ఇటూ మారిస్తే ఊపు పెరుగుతుంది. పంపింగ్ కూడా అంతే. చక్రం ముందుకి దొర్లుతుంది గానీ పక్కకి జారదు. బోర్డుని కొంచెం ఓరగా తిప్పి, ఆ ఓరలో పక్కకి నొక్కినప్పుడు, జారలేని చక్రం ఆ బలంలో కొంత భాగాన్ని ముందుకి మళ్లిస్తుంది. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి, మళ్లీ ఎడమకి. ఇదే లయ.

ఇప్పుడు సైకిల్ని ఊహించుకోండి. ముందు చక్రం హ్యాండిల్‌తో తిరుగుతుంది. వెనక చక్రం బుద్ధిగా వెంట వస్తుంది. పంపింగ్ బోర్డు కూడా అలాగే ఉండాలి. ముందు ట్రక్ కొంచెం వంచగానే చురుగ్గా తిరగాలి. వెనక ట్రక్ తక్కువ తిరగాలి, మీరు నొక్కడానికి గట్టి ఆధారంలా నిలబడాలి. మామూలు లాంగ్‌బోర్డ్‌లో రెండూ సమానంగా తిరుగుతాయి. అందుకే దాని మీద ఎంత ఊగినా చెమట పడుతుంది గానీ స్పీడ్ రాదు.

ట్రక్కులు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

ట్రక్ అంటే డెక్ కింద బిగించే లోహపు భాగం. ఇరుసు ఉండేది దీనికే. మామూలు లాంగ్‌బోర్డ్ ట్రక్ బేస్‌ప్లేట్ కోణం ఎక్కువగా 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ కోణం పెరిగితే ఎక్కువ తిరుగుతుంది, తగ్గితే తక్కువ.

బిగినర్‌కి మూడు దారులున్నాయి.

ఒకటి, వెడ్జ్ రైజర్లు. డెక్‌కీ ట్రక్‌కీ మధ్య పెట్టే ఏటవాలు ప్లాస్టిక్ ముక్కలివి. ముందు ఓ 10 డిగ్రీలు పెంచి, వెనక 10 నుంచి 15 డిగ్రీలు తగ్గిస్తే మీ దగ్గరున్న పాత బోర్డే పంపింగ్ బోర్డు అయిపోతుంది. అన్నిటికంటే చవక దారి ఇదే. కాస్త పొడవు బోల్టులు మాత్రం కావాలి.

రెండు, అడాప్టర్లు. వాటర్‌బోర్న్ అనే కంపెనీ డెక్‌కీ ముందు ట్రక్‌కీ మధ్య పెట్టే సర్ఫ్ అడాప్టర్, వెనక ట్రక్‌ని తక్కువ తిప్పే రైల్ అడాప్టర్ చేస్తుంది. ఉన్న ట్రక్కులకే తగిలించుకోవచ్చు.

మూడు, తిరగడానికే పుట్టిన ముందు ట్రక్. బెన్నెట్ వెక్టర్ అనేది ఈ ఆటలో పాత కాపు, 1970ల నాటి డిజైన్. కార్వర్ కంపెనీ సిఎక్స్ ట్రక్ కూడా బిగినర్లకి బాగుంటుంది. అదే కార్వర్‌లో సి7 అనే స్ప్రింగ్ ట్రక్ ఉంది. అది సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసినట్టు గిర్రున తిరుగుతుంది, మలుపులకి భలే సరదా. కానీ గంటసేపు తిన్నగా వెళ్లాలంటే అంత లూజుగా తిరిగేది కాళ్లని త్వరగా అలిసిపోయేలా చేస్తుంది.

వెడ్జ్‌ని ఏ వైపు తిప్పి పెట్టాలో అర్థం కాలేదా? సింపుల్ టెస్ట్. బోర్డుని నేల మీద పెట్టి, డెక్ అంచుని చేత్తో ఒక పక్కకి నొక్కండి. ముందు ఇరుసు బాగా తిరిగి, వెనకది కొంచెమే తిరిగితే కరెక్ట్. రివర్స్‌లో ఉంటే తీసి తిప్పి బిగించండి.

బుష్‌లు: చిన్న రబ్బరు, పెద్ద తేడా

ట్రక్ మధ్యలో ఉండే రబ్బరు లాంటి యూరిథేన్ ముక్కలే బుష్‌లు. ట్రక్ వంగాక మళ్లీ యథాస్థానానికి తోసేది ఇవే. వీటి గట్టిదనాన్ని ‘ఎ’ నంబర్లలో చెప్తారు. నంబర్ పెరిగితే గట్టి. 65 కిలోల మనిషైతే ముందు 80ఎ దగ్గర మెత్తవి, వెనక 87ఎ, 90ఎ లాంటి గట్టివి పెట్టి మొదలుపెట్టొచ్చు. బరువు ఎక్కువైతే రెండూ కొంచెం పెంచండి, తక్కువైతే తగ్గించండి. పెద్ద ఖర్చు లేకుండా బోర్డు స్వభావమే మారిపోతుంది. కొత్త ట్రక్ కొనాలనిపించినప్పుడు ముందు బుష్‌లు మార్చి చూడండి.

డెక్: పొడవు కంటే వీల్‌బేస్ ముఖ్యం

ముందు ట్రక్‌కీ వెనక ట్రక్‌కీ మధ్య దూరమే వీల్‌బేస్. తక్కువ ఉంటే ఆగిన చోటు నుంచి కూడా సులువుగా కదులుతుంది. ఎక్కువ ఉంటే ఒక్కో పంప్‌కి ఎక్కువ దూరం వెళ్తుంది, స్పీడ్‌లో స్థిరంగా ఉంటుంది, కానీ ఆ స్పీడ్‌కి చేరడానికి టెక్నిక్ కావాలి. బిగినర్‌కి 24 నుంచి 28 అంగుళాలు బాగుంటుంది.

ట్రక్కుల పైన కూర్చునే డెక్ అయితే పాదంతో నొక్కే పట్టు బాగా దొరుకుతుంది. నేలకి దగ్గరగా వేలాడే డెక్ మీద కాలితో తన్నడం సులువు గానీ పంపింగ్‌కి పట్టు కొంచెం తగ్గుతుంది. కాస్త స్ప్రింగ్‌లా వంగే డెక్ మోకాళ్లకి హాయి. మీరు నిలబడితే మధ్యలో నేల వైపు బాగా కుంగిపోయేది మాత్రం వద్దు.

చక్రాలు, బేరింగులు

సైజు 70 నుంచి 75 మిల్లీమీటర్లు, గట్టిదనం 78ఎ నుంచి 80ఎ. మొదటి సెట్‌కి ఇది చాలు. 80, 85 మిల్లీమీటర్ల చక్రాలు గరుకు రోడ్డు మీద హాయిగా దొర్లుతాయి, ఒకసారి ఊపందుకుంటే ఆగవు. కానీ ఆ ఊపు రావడానికి మొదట్లో కష్టపడాలి. పైగా బోర్డు వంగినప్పుడు చక్రం డెక్‌కి తగిలితే టక్కున ఆగిపోయి, మీరు ముందుకి ఎగిరి పడతారు. దీన్నే వీల్‌బైట్ అంటారు. చక్రాలు బిగించాక బోర్డు మీద నిలబడి రెండు వైపులా పూర్తిగా వంచి చూడండి. తగులుతుంటే రైజర్ పెట్టండి, లేదా చిన్న చక్రం వాడండి.

ఇంకో మాట. అంచులు గుండ్రంగా ఉన్న చక్రాలు ఎక్కువగా జారడం కోసం చేసినవి. మనకి పట్టు కావాలి, కాబట్టి అంచు పదునుగా ఉన్నవి చూడండి.

బేరింగులంటారా, స్కేట్‌బోర్డులన్నిటికీ 608 సైజే. లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. డబ్బా మీద పెద్ద నంబర్లు చూసి మోసపోకండి. మామూలు మంచి బేరింగులు శుభ్రంగా ఉంచుకుంటే చాలు. చక్రం నట్టు బాగా బిగించేయకుండా పక్కలకి రవ్వంత ఆట ఉంచండి.

డీబగ్ చేసినట్టే సెట్ చేయండి

మా ఫీల్డ్‌లో ఒక రూల్ ఉంది. ఒకసారి ఒకటే మార్చు, రిజల్ట్ చూడు. బోర్డుకీ అదే. ఖాళీ పార్కింగ్ లాట్‌లో 50 మీటర్లు కొలిచి రెండు చోట్లా చాక్‌పీస్‌తో గీత పెట్టండి. కాలితో రెండుసార్లు తన్ని ఊపందుకుని, అక్కడి నుంచి ఎన్ని పంపుల్లో అవతలి గీత చేరారో లెక్కపెట్టండి. మూడుసార్లు చేసి ఫోన్‌లో రాసుకోండి. తర్వాత ముందు బుష్ మార్చి మళ్లీ చూడండి. పంపులు తగ్గితే ఉంచండి, పెరిగితే పాతదే పెట్టండి. ట్రక్, బుష్, చక్రం ఒకేరోజు మార్చేస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

గుంటూరు కుర్రాడికి సెకండ్ హ్యాండ్‌లో పాత బోర్డు ఒకటి వెతికి, ముందు అడాప్టర్, వెనక తిరగేసిన వెడ్జ్, 70 మిల్లీమీటర్ల చక్రాలు పెట్టాం. హెల్మెట్‌తో కలిపి 250 డాలర్లు దాటలేదు. మొదటి వారం 20 మీటర్లకే ఆగిపోయేవాడు. “అన్నా, 600 పెట్టుంటే ఈపాటికి ఓఎల్ఎక్స్‌లో పెట్టేసేవాణ్ణి” అని నవ్వాడు. రెండు నెలలకి ఆగకుండా ఐదు కిలోమీటర్లు పంప్ చేస్తున్నాడు. మిగతా దూరం కాలితో తన్నుకుంటూ కాలేజీకి వెళ్తున్నాడు. ఇప్పుడు వాడికి 80 మిల్లీమీటర్ల చక్రాలు కావాలట. ఎందుకు కావాలో ఇప్పుడు వాడికే తెలుసు.

ఆగడం రాకుండా కదలొద్దు

ముందు నేర్చుకోవాల్సింది పంపింగ్ కాదు, ఫుట్ బ్రేక్. ముందు కాలి మీద బరువు వేసి, వెనక కాలి అరికాలుని నేలకి మెల్లగా రాస్తూ ఆపడం. నడక స్పీడ్‌లో పదిసార్లు కరెక్ట్‌గా ఆగాకే ముందుకి వెళ్లండి.

పంపింగ్ బోర్డు చురుగ్గా తిరుగుతుంది కాబట్టే స్పీడ్‌లో వణుకుతుంది. ఇక్కడి బాటల మీద స్పీడ్ లిమిట్ గంటకి 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు. బిగినర్‌కి అందులో సగం చాలు. దిగుడు కనిపిస్తే బోర్డు చేత్తో పట్టుకుని నడిచి దిగండి. సిగ్గేం లేదు. హెల్మెట్ తప్పనిసరి. పడితే ముందు నేలకి తగిలేది అరచేతులే కాబట్టి గ్లోవ్స్, రిస్ట్ గార్డులు కూడా. అడుగు చదునుగా ఉన్న బూట్లు వేసుకోండి. మెత్తటి రన్నింగ్ షూస్‌తో బోర్డు పట్టు తెలియదు.

మన దగ్గర చేయాలంటే?

ఎల్‌డిపికి కావాల్సింది నున్నటి, కార్లు రాని, తిన్నటి దారి. మన సిటీల్లో అసలు చిక్కు బోర్డు కంటే ఇదే. కంకర, స్పీడ్ బ్రేకర్లు, కుక్కలు... ట్రాఫిక్‌లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఉదయం పూట వాకర్ల కోసం బండ్లు ఆపే విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోట్లు, పెద్ద గేటెడ్ కమ్యూనిటీల లోపలి రోడ్లు, సెలవు రోజు కాలేజీ గ్రౌండ్ చుట్టూ ఉండే రోడ్డు నయం. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ కట్టారు. అది సైకిళ్ల కోసం కట్టింది కాబట్టి బోర్డుతో వెళ్లేముందు అక్కడి సెక్యూరిటీని అడగండి. ఎక్కడైనా నడిచేవాళ్లకే ముందు దారి ఇవ్వాలి. మన మెలికలు వాళ్లకి భయం పుట్టిస్తాయి.

విదేశాల నుంచి ట్రక్కులు తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిసి వాచిపోతాయి. అందుకే ఇండియాలో దొరికే మామూలు లాంగ్‌బోర్డ్ తీసుకుని, ఒక జత వెడ్జ్‌లు, రెండు సెట్ల బుష్‌లు మాత్రమే తెప్పించుకోండి. చిన్న పార్శిల్, తక్కువ ఖర్చు. ఆ బోర్డు మీద ఆగకుండా ఒక కిలోమీటరు పంప్ చేయగలిగిన రోజున పెద్ద సెటప్ గురించి ఆలోచించండి. అప్పటికి ఏం కొనాలో మీ కాళ్లే చెప్తాయి.